బిల్లు మొత్తాన్ని తెలుగు మాటల్లో రాసే చిన్న పైథాన్ మాడ్యూల్: మూడు కౌంటర్లలో ఎక్కించేదెలా?

రాణీగంజ్_కుర్రాడు · సోమవారం రాత్రి 10:40

అందరికీ నమస్తే. రాణీగంజ్‌లో మా బాబాయికి హార్డ్‌వేర్ షాపు ఉంది. నట్లు, బోల్టులు, బేరింగులు, పైపు ఫిట్టింగులు అమ్ముతారు. బిల్లు కింద మొత్తాన్ని తెలుగు మాటల్లో కూడా రాయాలని ఆయన పట్టు, ఊళ్ల నుంచి వచ్చే మేస్త్రీలు, బోరు మెకానిక్‌లు అంకె పక్కన మాట ఉంటేనే ధైర్యంగా డబ్బు తీసి ఇస్తారని ఆయన నమ్మకం. నేను బీకామ్ చేసి అమీర్‌పేటలో మూడు నెలలు పైథాన్ నేర్చుకున్నాను. దాదాపు 120 లైన్లలో ఒక మాడ్యూల్ రాశాను. 2,47,350 ఇస్తే "రెండు లక్షల నలభై ఏడు వేల మూడు వందల యాభై రూపాయలు" అని వస్తుంది.

నా ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తోంది. షాపులో కౌంటర్లు మూడు. ఫైల్ పేరు నంబర్స్.పై (numbers.py). దాన్ని ఒకటో కౌంటర్‌లో బయటి ప్యాకేజీలు చేరే సైట్-ప్యాకేజెస్ ఫోల్డర్‌లో కాపీ చేసి పెట్టాను. ఇంపోర్ట్ అవుతోంది గానీ నేను రాసిన ఫంక్షనే అందులో లేదంటోంది. అదే ఫైల్, అవే లైన్లు. ఇంట్లో నడిచి షాపులో ఎందుకు నడవదు? రెండు రోజులుగా ఇదే టెన్షన్. జర చూసి చెప్పండి.

పాతబస్తీ_పైథాన్ · సోమవారం రాత్రి 11:05

తమ్ముడూ, కోడ్‌లో తప్పు లేదు, పేరులో ఉంది. పైథాన్‌తో పాటే వచ్చే స్టాండర్డ్ లైబ్రరీలో నంబర్స్ అనే మాడ్యూల్ ముందే ఉంది. ఇంపోర్ట్ అనగానే పైథాన్ ఒక వరుసలో వెతుకుతుంది: ముందు స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్, తర్వాత స్టాండర్డ్ లైబ్రరీ, చివరికి సైట్-ప్యాకేజెస్. ఇంట్లో నీ ఫైల్ స్క్రిప్ట్ పక్కనే ఉంది కాబట్టి అదే ముందు దొరికింది. షాపులో నువ్వు దాన్ని వరుసలో చివరి చోట పెట్టావు, కాబట్టి పైథాన్ సొంత నంబర్స్ ముందు దొరికింది, అందులో నీ ఫంక్షన్ ఎక్కడుంటుంది? ఇంకో సంగతి, రేపు పైసల లెక్క కోసం డెసిమల్ మాడ్యూల్ వాడదామనుకుంటే ఇంట్లో కూడా దెబ్బ తింటుంది, ఎందుకంటే డెసిమల్ లోపల అసలు నంబర్స్‌ని పిలుస్తుంది, దానికి నీ ఫైల్ దొరుకుతుంది.

ఎవరికీ లేని పేరు పెట్టు. ఆ తర్వాత చేత్తో కాపీ చేయడం మానేసి సరిగ్గా ప్యాకేజీ చెయ్యి.

సైదాబాద్_స్క్రిప్ట్స్ · సోమవారం రాత్రి 11:20

120 లైన్ల ఫైల్‌కి ప్యాకేజీ ఎందుకన్నా? పేరు మార్చి, వాట్సాప్‌లో పంపి, బిల్లింగ్ స్క్రిప్ట్ పక్కన పెట్టుకోమంటే అయిపోతుంది. నేను మా ఆఫీసులో నాలుగేళ్లుగా అలాగే చేస్తున్నాను, ఏ ఇబ్బందీ రాలేదు. మూడు సిస్టమ్స్ కోసం ఇంత తతంగం అక్కర్లేదని నా అభిప్రాయం.

రాణీగంజ్_కుర్రాడు · మంగళవారం ఉదయం 8:15

పేరు "అంకెమాట" అని మార్చాను, ఇప్పుడు దొరుకుతోంది. థ్యాంక్స్ అన్నా.

సైదాబాద్ బ్రో, పోయిన నెల మీరు చెప్పినట్టే చేశాను. ఒకటో కౌంటర్‌లో వెయ్యి అని, మూడో కౌంటర్‌లో "ఒకటి వేలు" అని బిల్లు వచ్చింది. మధ్యలో నేను ఫైల్ సరిచేసి పంపాను, మూడో కౌంటర్ అబ్బాయి పాతదే ఉంచేశాడు. ఏ కౌంటర్‌లో ఏది ఉందో తెలుసుకోవాలంటే ప్రతి సిస్టమ్ ముందూ కూర్చుని ఫైల్ తెరవాల్సి వచ్చింది. బాబాయి కస్టమర్ ముందే కేకలేశారు. అందుకే అడుగుతున్నాను.

పాతబస్తీ_పైథాన్ · మంగళవారం ఉదయం 9:02

అదే అసలు కారణం. ప్యాకేజీ చేస్తే ఆ ఫైల్‌కి ఒక పేరు, ఒక వెర్షన్ నంబరు అతుక్కుని ఉంటాయి. ప్యాకేజీలు ఎక్కించే, తీసేసే పనిముట్టు పిప్. "పిప్ షో అంకెమాట" అని కొడితే ఏ వెర్షన్ ఉందో ఫోన్‌లోనే చదివి చెప్పేస్తాడు ఆ అబ్బాయి. తీసేయాలంటే పిప్ అన్‌ఇన్‌స్టాల్, ఏ ముక్కా మిగలకుండా పోతుంది, ఎందుకంటే ఏయే ఫైళ్లు ఎక్కడ పెట్టిందో ఇన్‌స్టాల్ చేసేటప్పుడే రికార్డ్ అనే జాబితాలో రాసుకుంటుంది.

పని పెద్దది కాదు. అంకెమాట అని ఒక ఫోల్డర్ చెయ్యి. దాంట్లో ఎస్‌ఆర్‌సీ అని ఇంకో ఫోల్డర్, దాని లోపల మళ్లీ అంకెమాట అని ఫోల్డర్, అందులో నీ కోడ్, అది ప్యాకేజీ అని పైథాన్‌కి చెప్పే ఒక ఇనిట్ ఫైల్. ఎస్‌ఆర్‌సీ పక్కన పైప్రాజెక్ట్.టామల్ అనే ఒక్క టెక్స్ట్ ఫైల్. ఆ ఫైల్‌లో రెండు భాగాలు చాలు నీకు. బిల్డ్-సిస్టమ్ భాగంలో దీన్ని కట్టే పనిముట్టు సెటప్‌టూల్స్ అని, 61 లేదా ఆపై వెర్షన్ కావాలని రాస్తావు. ప్రాజెక్ట్ భాగంలో పేరు, వెర్షన్, ఒక లైన్ వివరణ, కనీసం ఏ పైథాన్ కావాలో రాస్తావు. తర్వాత "పిప్ ఇన్‌స్టాల్ బిల్డ్", "పైథాన్ -ఎమ్ బిల్డ్". డిస్ట్ అనే ఫోల్డర్‌లో రెండు ఫైళ్లు వస్తాయి. టార్.జీజెడ్ అని ఉన్నది సోర్స్, దాన్ని ఎస్‌డిస్ట్ అంటారు. డబ్ల్యూహెచ్ఎల్ అని ఉన్నది వీల్, అంటే నేరుగా ఎక్కించే ప్యాకేజీ. కౌంటర్లకి పంపాల్సింది వీల్.

రాణీగంజ్_కుర్రాడు · మంగళవారం మధ్యాహ్నం 1:30

మా ఇన్‌స్టిట్యూట్ నోట్సులో సెటప్.పై రాసి, మొదటి లైన్లో డిస్ట్‌యుటిల్స్ నుంచి ఇంపోర్ట్ చేయమని ఉంది. అది వద్దా? నా ల్యాప్‌టాప్‌లో ఆ లైన్ దగ్గరే ఆగిపోయింది.

పాతబస్తీ_పైథాన్ · మంగళవారం మధ్యాహ్నం 1:48

వద్దు. ప్యాకేజీలు కట్టే పాత మాడ్యూల్ డిస్ట్‌యుటిల్స్‌ని పైథాన్ 3.12 నుంచి, అంటే 2023 అక్టోబర్ నుంచి, స్టాండర్డ్ లైబ్రరీలోంచి తీసేశారు. సెటప్.పై చచ్చిపోలేదు, సీ కోడ్ కలిపి కట్టే పెద్ద ప్యాకేజీల్లో ఇప్పటికీ ఉంటుంది, నీలాంటి దానికి మాత్రం టామల్ ఫైల్ చాలు. సెటప్.పైలో పేరు, వెర్షన్ తెలుసుకోవాలన్నా ముందు ఆ కోడ్‌ని నడపాల్సి వచ్చేది, ముక్కూమొహం తెలియని వాళ్ల ప్యాకేజీ అయినా సరే. టామల్ అయితే ఊరికే చదివితే చాలు.

సీటీసీ_సిస్టమ్స్ · మంగళవారం మధ్యాహ్నం 2:10

నేను పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ మార్కెట్ దగ్గర సిస్టమ్స్ రిపేర్ చేస్తాను, రాణీగంజ్ షాపులు బాగా తెలుసు. ఒక ప్రశ్న. ఆ మూడు కౌంటర్లలో విండోస్ ఏది? చాలా షాపుల్లో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కోసం పాత సిస్టమ్ ఒకటి అట్టే పెట్టుకుంటారు.

రాణీగంజ్_కుర్రాడు · మంగళవారం మధ్యాహ్నం 2:25

కరెక్టుగా చెప్పారన్నా. రెండింట్లో విండోస్ 10, మూడోది విండోస్ 7. దానికి నెట్ కూడా ఉండదు.

సీటీసీ_సిస్టమ్స్ · మంగళవారం మధ్యాహ్నం 2:41

అయితే ఆ సిస్టమ్‌కి పైథాన్ 3.8 దాటి ఎక్కదు. 3.9 నుంచి విండోస్ 7 మీద నడవదు. 3.8లో కూడా ఇన్‌స్టాలర్‌తో వచ్చిన ఆఖరిది 3.8.10, అది పెన్‌డ్రైవ్‌లో వేసుకో, సర్వీస్ ప్యాక్ 1 ఉందో లేదో ముందు చూసుకో. కనీస పైథాన్ అన్నచోట 3.8 అని రాయి. 3.12 అని రాసేవనుకో, మూడో కౌంటర్‌లో పిప్ నీ ప్యాకేజీని లోపలికి రానివ్వదు.

నెట్ లేకపోయినా వీల్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో ఉంటే "పిప్ ఇన్‌స్టాల్" అని దాని దారి ఇస్తే ఎక్కుతుంది, నీ మాడ్యూల్ వేరే ప్యాకేజీల మీద ఆధారపడదు కాబట్టి. ఆధారపడేదైతే నెట్ ఉన్న చోట "పిప్ డౌన్‌లోడ్"తో అన్నీ ఒక ఫోల్డర్‌లోకి దించుకుని తీసుకెళ్లాలి. విండోస్ 7కి కంపెనీ సపోర్ట్ ఆపేసి చాలా కాలమైంది, ఆ సిస్టమ్‌ని ఎప్పుడూ నెట్‌కి కలపొద్దు.

టెస్టింగ్_అక్క · మంగళవారం సాయంత్రం 6:50

షాపుకి తీసుకెళ్లే ముందు ఇంట్లోనే ఒక పని చెయ్యి తమ్ముడూ. ఖాళీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఒకటి తెరువు, అంటే వేరే ప్యాకేజీలేవీ లేని విడి పైథాన్: "పైథాన్ -ఎమ్ వీఎన్వ్" తర్వాత ఏదో ఒక పేరు. దాంట్లో వీల్ ఎక్కించు. ఇప్పుడు ప్రాజెక్ట్ ఫోల్డర్ బయటికి వెళ్లు, డెస్క్‌టాప్ మీదికో ఎక్కడికో, అక్కడి నుంచి ఇంపోర్ట్ చేసి చూడు. ఫోల్డర్ లోపలే నిలబడి పరీక్షిస్తే నువ్వు చూసేది వీల్‌ని కాదు, పక్కనున్న సోర్స్‌ని అయ్యే ప్రమాదం ఉంది. ఎస్‌ఆర్‌సీ ఫోల్డర్ పెట్టమన్నది కూడా అందుకే. నేను పదకొండేళ్లుగా టెస్టింగ్‌లో ఉన్నాను, "నా దగ్గర నడుస్తోంది" అనే మాట నేను రిపోర్ట్ చేసిన బగ్‌లలో సగానికి జవాబుగా వచ్చింది, ఆ సగంలో చాలావాటికి ఈ ఒక్క పరీక్ష చేసుంటే సరిపోయేది.

పరీక్షకి ఇచ్చే అంకెలు కూడా చూసి ఇవ్వు. 1, 21, 100, 101, 1000, 1,00,000. వాటితో పాటు పెళ్లి చదివింపులు: 116, 516, 1,116. వాటిని తప్పు చదివితే ఏ తెలుగువాడైనా ఒక్క చూపులో పట్టేస్తాడు.

రాణీగంజ్_కుర్రాడు · మంగళవారం రాత్రి 9:30

అక్కా, మీరు చెప్పినట్టే డెస్క్‌టాప్ నుంచి చేశాను, పడిపోయింది. మాటలు.జేసన్ ఫైల్ దొరకలేదంటోంది. 0 నుంచి 99 దాకా మాటలన్నీ ఆ ఫైల్‌లో పెట్టాను, కోడ్ పక్కనే ఉంది. మా షాపు పద్దులు రాసే పెద్దాయన స్పెల్లింగులు సరిచేయాలంటే సులువుగా ఉంటుందని అలా విడిగా పెట్టాను.

పాతబస్తీ_పైథాన్ · మంగళవారం రాత్రి 9:55

వీల్ అంటే మామూలు జిప్ ఫైలే. పేరు చివర జిప్ అని మార్చి తెరిచి చూడు, లోపల జేసన్ ఉందా?

రాణీగంజ్_కుర్రాడు · మంగళవారం రాత్రి 10:02

లేదన్నా. కోడ్ ఉన్న .పై ఫైళ్లు, డిస్ట్-ఇన్ఫో అనే ఫోల్డర్, అంతే.

పాతబస్తీ_పైథాన్ · మంగళవారం రాత్రి 10:20

రెండు తప్పులు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. మొదటిది, సెటప్‌టూల్స్ కోడ్ ఉన్న .పై ఫైళ్లనే తనంతట తాను తీసుకుంటుంది. వేరే ఫైళ్లు కావాలంటే టామల్‌లో ప్యాకేజ్-డేటా అనే భాగం పెట్టి జేసన్ ఫైళ్లు కలపమని చెప్పాలి. రెండోది, నువ్వు ఓపెన్‌కి ఉత్త ఫైల్ పేరు ఇచ్చి ఉంటావు. అప్పుడది మాడ్యూల్ ఉన్న చోట వెతకదు, ప్రోగ్రామ్‌ని నడుపుతున్న ఫోల్డర్‌లో వెతుకుతుంది. దానికి ఇంపోర్ట్‌లిబ్.రిసోర్సెస్‌లో ఫైల్స్ అనే ఫంక్షన్ వాడు. చదివేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని తప్పకుండా రాయి. విండోస్‌లో పైథాన్ మామూలుగా సీపీ 1252 లాంటి పాత కోడ్‌పేజీతో ఫైల్ తెరుస్తుంది, తెలుగు అక్షరాల దగ్గర ఛార్‌మ్యాప్ ఎర్రర్ ఇస్తుంది, లేదంటే పిచ్చి గుర్తులు చూపిస్తుంది.

సీటీసీ_సిస్టమ్స్ · బుధవారం ఉదయం 10:15

ఆగండి. ఆ ఫైల్స్ అనే ఫంక్షన్ 3.9లో వచ్చింది. మూడో కౌంటర్‌లో ఉండేది 3.8. పీకేజీయుటిల్‌లో గెట్‌డేటా అని పాతది ఉంది, అదైతే అన్నింట్లోనూ నడుస్తుంది, వచ్చిన బైట్లని యూటీఎఫ్-8గా మార్చుకుంటే చాలు.

పాతబస్తీ_పైథాన్ · బుధవారం ఉదయం 10:31

నిజమే, మూడో కౌంటర్ సంగతి మర్చిపోయాను. సారీ తమ్ముడూ.

పద్దుల_పెద్దాయన · బుధవారం ఉదయం 11:40

నేను ముప్పై ఏళ్లు బేగంబజార్‌లో పద్దులు రాసినవాణ్ణి, కంప్యూటర్ కొద్దిగానే తెలుసు. అడగకూడదేమో గానీ, వంద మాటల కోసం విడిగా ఫైల్ ఎందుకు బాబూ? కోడ్ ఫైల్‌లోనే పట్టికలా రాస్తే పోదా? పైగా మీ షాపు పెద్దాయన ఒక కౌంటర్‌లో స్పెల్లింగు దిద్దితే మిగతా రెండింట్లో పాతదే ఉంటుంది కదా, మీరు ఏ గొడవ వద్దనుకుని ఇదంతా మొదలెట్టారో మళ్లీ అదే గొడవ.

ఇంకా భాష సంగతి. వంద ఒంటరిగా ఉంటే వంద, దాని మీద ఏదైనా ఉంటే నూట. రెండు వేలు ఒంటరిగా ఉంటే వేలు, మీద ఉంటే రెండు వేల. వెయ్యికి ముందు ఒకటి రాదు. ఉత్త అంకె అయితే ఇరవై ఒకటి, రూపాయలు చేరితే ఇరవై ఒక్క రూపాయలు. ఒకటే అయితే ఒక రూపాయి. ఇవి తప్పితే బిల్లు చూడగానే యంత్రం రాసిందని తెలిసిపోతుంది.

టెస్టింగ్_అక్క · బుధవారం ఉదయం 11:52

నమస్కారం అండి. మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దిద్దుబాటు ఒక్కచోట జరగాలి, కొత్త వెర్షన్‌గా బయటికి రావాలి. ఎక్కించిన చోట దిద్దితే వచ్చే అప్‌గ్రేడ్‌లో ఎలాగూ చెరిగిపోతుంది.

రాణీగంజ్_కుర్రాడు · బుధవారం రాత్రి 11:10

జేసన్ తీసేసి మాటల పట్టిక కోడ్ ఉన్న .పై ఫైల్‌లోనే పెట్టాను. ప్యాకేజ్-డేటా, గెట్‌డేటా రెండింటి అవసరం పోయింది. పెద్దాయన చెప్పిన వాటిలో నూట, వేల సరిచేశాను. ఇంట్లో ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌లో నడిచింది, 1,116కి "వెయ్యి నూట పదహారు రూపాయలు" వచ్చింది. అది స్క్రీన్ మీద చూసినప్పుడు కలిగిన సంతోషం చెప్పలేను.

షాపులో మాత్రం రెండు కొత్త తంటాలు. రెండో కౌంటర్‌లో అది వీల్ పేరే కాదంటోంది. ఒకటో కౌంటర్‌లో కొత్త వీల్ ఎక్కిస్తే ముందే ఉంది అని ఊరుకుంటోంది, పాత కోడే నడుస్తోంది.

ఉప్పల్_ఉబుంటు · బుధవారం రాత్రి 11:34

మొదటిది: ఫైల్‌ని రెండుసార్లు డౌన్‌లోడ్ చేసి ఉంటారు, బ్రౌజర్ పేరు చివర బ్రాకెట్‌లో 1 చేర్చి ఉంటుంది. వీల్ పేరు అలంకారం కాదు, పిప్ దాన్ని ముక్కముక్కగా చదువుతుంది: ప్యాకేజీ పేరు, వెర్షన్, పైథాన్ 3 అని, ప్రత్యేక బైనరీ అవసరం లేదని, ఏ సిస్టమ్ అయినా పర్లేదని. మధ్యలో ఖాళీ, బ్రాకెట్ వస్తే దానికి అర్థం కాదు. పేరు మొదట ఎలా ఉందో అలా మార్చండి, ఎక్కుతుంది.

రెండోది: మీరు కోడ్ మార్చారు గానీ వెర్షన్ 0.1.0 అనే ఉంచారు. నంబరు ఒకటే అయితే పిప్ దృష్టిలో రెండూ ఒకటే. ఫోర్స్-రీఇన్‌స్టాల్ అని బలవంతం చేయొచ్చు, కానీ అలవాటు చేసుకోకండి. ఒక్క అక్షరం మార్చి బయటికి ఇచ్చినా నంబరు పెంచండి. ఇంట్లో రాసుకునేటప్పుడు మాత్రం "పిప్ ఇన్‌స్టాల్ -ఈ" తర్వాత చుక్క పెట్టి ఎక్కించుకుంటే సోర్స్‌కే ముడిపడి ఉంటుంది, ప్రతి మార్పుకీ కట్టక్కర్లేదు.

సైదాబాద్_స్క్రిప్ట్స్ · గురువారం ఉదయం 8:40

నేను మొదట అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. రాత్రి మా ఆఫీసులో ఐదు సిస్టమ్స్ చూశాను, మూడు రకాల ఫైళ్లు ఉన్నాయి. నాలుగేళ్లు ఇబ్బంది రాలేదన్నాను, నాకు తెలియలేదంతే. మరి "ఒకటి రూపాయలు"ని "ఒక్క రూపాయలు"గా మారిస్తే నంబరు ఎక్కడ పెరగాలి, చివరిదా, మధ్యదా?

ఉప్పల్_ఉబుంటు · గురువారం ఉదయం 9:05

తప్పు దిద్దితే చివరి అంకె. వాడేవాళ్ల కోడ్ చెడకుండా కొత్త సౌకర్యం చేరిస్తే మధ్యది. పాత కోడ్ చెడేలా మారిస్తే మొదటిది. మొదటి అంకె సున్నా ఉన్నంత కాలం ఇంకా కుదురుకోలేదని అర్థం, కొంత స్వేచ్ఛ ఉంటుంది.

రాణీగంజ్_కుర్రాడు · గురువారం మధ్యాహ్నం 3:15

రెండూ కుదిరాయి, చాలా థ్యాంక్స్. ఇంకో ఆలోచన వచ్చింది. దీన్ని పైథాన్ ప్యాకేజీలు అందరికీ దొరికే సైట్ పైపీఐలో పెడితే రాష్ట్రంలో ఏ షాపువాళ్లయినా వాడుకోవచ్చు కదా? పెట్టొచ్చా, నాలాంటి వాళ్లు?

ఉప్పల్_ఉబుంటు · గురువారం సాయంత్రం 7:20

తప్పకుండా పెట్టండి, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముందు టెస్ట్‌పైపీఐలో అభ్యాసం చేయండి, దానికి అకౌంట్ వేరు. అసలు పైపీఐలో 2024 మొదటి నుంచి రెండంచెల లాగిన్ తప్పనిసరి, తర్వాత పాస్‌వర్డ్‌కి బదులు టోకెన్ తీసుకుని, పైపీఐకి పంపే పనిముట్టు ట్వైన్‌తో ఎక్కిస్తారు. ఆ టోకెన్‌ని కోడ్‌లో రాయకండి, స్క్రీన్‌షాట్‌లో ఇక్కడ పెట్టకండి. ఒకసారి ఎక్కించిన ఫైల్ పేరు మళ్లీ వాడనివ్వరు, తొలగించినా సరే. తప్పు వెర్షన్ ఇచ్చేశారనుకోండి, యాంక్ చేస్తే కొత్తవాళ్లకి మామూలుగా దిగదు, దాన్నే పేరు పెట్టి అడిగినవాళ్లకి మాత్రం దొరుకుతుంది. లైసెన్స్ ఫైల్ పెట్టడం మర్చిపోకండి, అది లేకపోతే చట్టప్రకారం ఎవరూ నిశ్చింతగా వాడుకోలేరు.

టెస్టింగ్_అక్క · గురువారం రాత్రి 8:45

ఎక్కించే ముందు ఎస్‌డిస్ట్‌ని కూడా విప్పి లోపలున్న ప్రతి ఫైల్ పేరూ చదువు తమ్ముడూ, ఇది చాలా ముఖ్యం. నేను పాత ఆఫీసులో ఉన్నప్పుడు మా టీమ్ సెటప్‌టూల్స్ లాంటిదే అయిన హ్యాచ్‌లింగ్‌తో ఒక ప్యాకేజీ కట్టింది. అది గిట్ (కోడ్ మార్పులు దాచే పనిముట్టు) పట్టించుకోకుండా వదిలేసేవి తప్ప ఫోల్డర్‌లో ఉన్నవన్నీ ఎస్‌డిస్ట్‌లో చేరుస్తుంది. మేం వీల్ ఒక్కటే చూసి బాగుందనుకున్నాం. ఎస్‌డిస్ట్‌లో కస్టమర్ల ఫోన్ నంబర్లున్న ఎక్సెల్ షీట్ వెళ్లిపోయింది, ఎవరో పరీక్ష కోసం అక్కడ పెట్టి మర్చిపోయారు. గంటలోపే తొలగించాం, కానీ అప్పటికి ఎవరు దించుకున్నారో తెలిసే దారి లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ ఫోల్డర్‌లో బాబాయి గారి బిల్లులు ఏమైనా ఉంటే ముందు వాటిని బయటికి తీయి.

రాణీగంజ్_కుర్రాడు · శుక్రవారం ఉదయం 7:50

అక్కా, మీరు చెప్పాక చూస్తే పోయిన నెల బిల్లుల సీఎస్‌వీ ఆ ఫోల్డర్‌లోనే ఉంది. తీసేశాను. ఎస్‌డిస్ట్ విప్పి రెండుసార్లు చదివాను, ఇప్పుడు శుభ్రంగా ఉంది.

పద్దుల_పెద్దాయన · శనివారం సాయంత్రం 5:30

బాబూ, మా మనవడి చేత టెస్ట్‌పైపీఐ నుంచి మీది దించి ఎక్కించి చూశాను. 516 బాగుంది, లక్ష బాగుంది. 501కి "ఐదు వందల ఒకటి రూపాయలు" అని వస్తోంది. ఒక్క రూపాయలు అని రావాలి.

రాణీగంజ్_కుర్రాడు · శనివారం రాత్రి 9:12

అవును సార్, ఇరవై ఒక్క దగ్గర సరిచేశాను గానీ వందల తర్వాత వచ్చే ఒకటిని వదిలేశాను. ఇప్పుడు చివర ఒకటి ఉన్న ప్రతి అంకెకీ పడేలా మార్చి, 501, 1,001, 1,00,001 మూడూ పరీక్షలో చేర్చాను. నంబరు 0.1.2 చేసి టెస్ట్‌పైపీఐలో పెట్టాను. సోమవారం షాపు తెరవగానే మూడో కౌంటర్‌కి పెన్‌డ్రైవ్ తీసుకెళ్తాను. మీకు వీలైతే ఈలోగా ఇంకోసారి చూసి చెప్పండి సార్.